ఆరు ప్రశ్నార్థకాల పట్టీ

"తెలుగు కంప్యూటరుకు పడదండీ" అనే మాట మొదటిసారి ఎప్పుడు విన్నానో గుర్తులేదు గాని, ఆఖరుసారి విన్నది మాత్రం మొన్నటి మిర్చి సీజనులో, గుంటూరులో, మా బావగారి కమీషను దుకాణంలో. అన్నది కంప్యూటర్లు బాగుచేయడమే వృత్తిగా గల ఒక పెద్దమనిషి. ఆయన విసుగుతో అని ఉంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. వైద్యుడు రోగి బంధువులను పక్కకు పిలిచి నచ్చజెప్పే ధోరణిలో, ఎంతో సానుభూతితో అన్నాడు. ఆ సానుభూతే నా చేత ఇదంతా వ్రాయిస్తున్నది.

మిర్చి వ్యాపారంతో పరిచయం లేని చదువరులకోసం రెండు ముక్కలు ముందుగా చెప్పాలి. రైతు టిక్కీలు వేసుకొని యార్డుకు వస్తాడు. టిక్కీ అంటే ఎండుమిరపకాయలను తొక్కి కుట్టిన గోనె బస్తా, నలభై కిలోల పైచిలుకు తూగుతుంది. కమీషను వ్యాపారి దుకాణం ముందు సరుకు దిగుతుంది. కొనుగోలుదారు వచ్చి కాయ చేతిలోకి తీసుకొని, రంగు చూసి, తేమ చూసి, తాలు ఎంత కలిసిందో చూసి క్వింటాకు ఇంత అని ధర పలుకుతాడు. కాటా అవుతుంది. ఆ తరువాత రైతు చేతికి వచ్చే కాగితం పేరు పట్టీ. పేరు, ఊరు, ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఏ ధర, అందులోంచి కమీషను, హమాలీ వగైరా తీసివేతలు, చివరికి రావలసిన మొత్తం అందులో ఉంటాయి. డబ్బు ఆ పూటే చేతికి రావచ్చు, వాయిదా పడవచ్చు. వాయిదా పడితే రైతు చేతిలో మిగిలే ఆధారం ఆ పట్టీ ఒక్కటే. విత్తనానికీ ఎరువుకీ సాగు మొదట్లో ఆ దుకాణంలోనే అప్పు తెచ్చుకున్న రైతైతే, ఆ అప్పు కూడా ఈ లెక్కలోనే విరుగుతుంది. కనుక పట్టీ మీద పేరంటే పెండ్లి శుభలేఖ మీద పేరువంటిది కాదు.

మా బావగారి దుకాణంలో ఈ పట్టీలు కట్టే ప్రోగ్రాము మా మేనల్లుడు వ్రాసింది. ఇంజినీరింగు మూడవ సంవత్సరం చదువుతూ, సంక్రాంతి సెలవుల్లో, పైథాన్ భాషలో వ్రాశాడు. గుమాస్తాగారు పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒక పట్టికలో తెలుగులోనే కొట్టిన వివరాలను అది చదివి, లెక్కలు కట్టి, పట్టీలన్నింటినీ వరుసగా ఒక ఫైలులోకి పోస్తుంది. ఆ ఫైలు ప్రింటరుకు వెళుతుంది, దుకాణపు దస్త్రంగానూ మిగులుతుంది. మరునాడు ఉదయం పట్టిక తుడిచి కొత్తగా మొదలుపెడతారు, పాతది పట్టీల ఫైలులో భద్రంగా ఉన్నది కదా అనే ధైర్యంతో. వారానికొకసారి మరొక చిన్న ప్రోగ్రాము ఆ ఫైళ్లన్నీ కలిపి, ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క పేరు కింద ఎంత జమ, ఎంత ఖర్చు అన్నది తేలుస్తుంది. కుర్రవాడి మొదటి ప్రయత్నానికి ఇది తక్కువేమీ కాదు. ఇంటిపేర్లు వ్రాసే అలవాటు లేకపోవడం దుకాణపు దోషం, వాడిది కాదు.

సీజను మధ్యలో ఒకనాటినుంచి పట్టీల మీద పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు రావడం మొదలైంది. అంకెలన్నీ సరిగానే ఉన్నాయి. తెరమీద చూస్తే పేరు ముత్యంలా కనబడుతుంది, కాగితం మీద ప్రశ్నార్థకాలు. మా గుమాస్తాగారు కార్యశూరులు. ఎవరినీ పిలవకుండా, ప్రశ్నార్థకాల మీద కలంతో పేరు వ్రాసి పట్టీ చేతిలో పెట్టేవారు. రైతులూ తీసుకొని వెళ్లిపోయారు. అలా పది పన్నెండు రోజులు గడిచాయి.

గుట్టు బయటపడినది కోటయ్య డబ్బుకోసం వచ్చినప్పుడు. (పేర్లు మార్చాను. అక్షరాల లెక్క మాత్రం మార్చలేదు, దాని అవసరం ముందు తెలుస్తుంది.) ఆయన ఏనాడూ ఆ దుకాణంలో చేబదులు కూడా తీసుకున్నవాడు కాదు. బావగారు లేరు. గుమాస్తాగారు ఖాతా తీయించి, "నీ అప్పు పోను నీకు వచ్చేది ఇంతేనయ్యా" అని పదిమంది ముందు అన్నారు. అప్పు రామయ్యది. ఇద్దరిదీ ఒకే ఊరు. ఇద్దరి పేర్లూ దస్త్రంలో ఆరేసి ప్రశ్నార్థకాలు. ఒకరి కాయలు అమ్మిన డబ్బులోంచి మరొకరి అప్పు విరిగింది. మా బావగారు సాయంత్రం వచ్చి, ఇద్దరినీ ఎరిగినవారు కనుక, చేతి లెక్కతో సరిదిద్ది పంపారు. డబ్బు సరిపోయింది. కాని కోటయ్య పట్టీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "నలుగురిలో నన్ను అప్పున్నోణ్ణి చేశారు గదయ్యా. ఈ కాయితంలో అసలు నా పేరేడుంది?" అన్నాడట. ఆ ప్రశ్నకు ఆ పూట దుకాణంలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

అప్పుడు పిలిచారు బాగుచేసే ఆయనను. ఆయన చూసి తెలుగు కంప్యూటరుకు పడదని తేల్చి, పేర్లు ఇంగ్లీషులో కొట్టుకోమన్నాడు. ఆయన ఆ మాట అంటున్నప్పుడు నేనక్కడ ఉండడం కాకతాళీయం కాదు, బావగారు ఫోను చేస్తే హైదరాబాదు నుంచి రాత్రి బండికి వచ్చాను.

ఆ మాటకు జవాబు చెప్పబోయే ముందు ప్రశ్నార్థకాలు ఆరే ఎందుకు వచ్చాయో చెప్పాలి. మనం కోటయ్య అన్న మాటలో మూడు అక్షరాలు చూస్తాం. యూనికోడు ఆరు చూస్తుంది: క, ఓత్వం, ట, య, పొల్లు, య. రామయ్యలోనూ ఆరే: ర, దీర్ఘం, మ, య, పొల్లు, య. వీరయ్యకూ ఆరే. ఒక్కొక్క సంకేతానికీ ఒక్కొక్క ప్రశ్నార్థకం చొప్పున వచ్చిందన్న మాట. అంటే ఎక్కడో ఎవరో కంప్యూటరుకు స్పష్టంగా ఆజ్ఞాపించారు: నీకు చేతకాని అక్షరం తగిలితే ఆగకు, అరవకు, దాని స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగు, అని. యంత్రం విధేయతతో అదే చేసింది.

ఇక్కడ ఒక విషయం నొక్కి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో నూటికి తొంభైమంది ఇక్కడే తప్పుదారి పడతారు. తెలుగు చెడిపోవడం అంటే ఒకటే జబ్బు కాదు. ఖాళీ డబ్బాలు కనబడితే ఖతి లేదు. సమాచారం క్షేమంగా ఉంది, ఖతి పెడితే అక్షరం వస్తుంది. వత్తులు విడిపోయి, సున్న చుట్టిన చుక్కల మీద గుణింతపు గుర్తులు వేలాడుతుంటే అక్షరాలను కూర్చే యంత్రాంగం పనిచేయడం లేదు. అప్పుడూ సమాచారం క్షేమమే. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ అక్షరం, పక్కనే డిగ్రీ గుర్తో కూడిక-తీసివేత గుర్తో పదే పదే కనబడితే, యూటీఎఫ్-8లో వ్రాసినదాన్ని మరొక లెక్కన చదువుతున్నారు. తెలుగు సంకేతం ఒక్కొక్కటీ అందులో మూడేసి బైట్లు, మొదటి రెండు బైట్లూ దాదాపు ఎప్పుడూ అవే, అందుకే ఆ రెండు గుర్తులూ వరుసకట్టి వస్తాయి. అదీ నయమయ్యే జబ్బే. నాలుగవది ప్రశ్నార్థకం. ఇది నయం కాదు. ఫైలులో నిజంగానే ప్రశ్నార్థకం ఉంది. కోటయ్య అక్కడ లేడు. ఏ ఖతి పెట్టినా, ఏ ప్రింటరు మార్చినా రాడు.

ఇంత తెలిసినవాణ్ణి, నేనేమి చేశానో కూడా చెప్పాలి కదా. తిన్నగా అందరూ చేసేదే చేశాను. తెరమీద బాగుంది, కాగితం మీద బాగాలేదు అనగానే ప్రింటరు అనుకున్నాను. దాని డ్రైవరు తీసివేసి మళ్లీ పెట్టాను. రెండు ఖతులు పెట్టాను. తరువాత విండోసులో ప్రాంతీయ అమరికల లోపల, ప్రపంచవ్యాప్తంగా యూటీఎఫ్-8 వాడమనే గడి ఒకటి ఉంటుంది, పక్కన ఇంకా ప్రయోగదశ అని వ్రాసి మరీ ఉంటుంది, దానికి టిక్కు పెట్టాను. యంత్రం మళ్లీ మొదలయ్యేసరికి, దుకాణపు లెటర్‌హెడ్లు కొట్టే పాతకాలపు అక్షరాల ప్యాకేజీ కాస్తా పిచ్చిగీతలు గీయడం మొదలుపెట్టింది. అది యూనికోడుకు ముందు పుట్టింది, ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో తెలుగు ముక్కలు దాచుకొని బ్రతికేది. నేను ఆ గూళ్లే పీకేశాను. టిక్కు తీసేశాను. పట్టీలో ప్రశ్నార్థకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మా ప్రాంతంవారికి ఈ ధోరణి కొత్తది కాదు. 1980లలో పత్తికి సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు వచ్చాయి. కాయతొలుచు పురుగు మీద కొడితే మొదట్లో బ్రహ్మాండంగా రాలింది. కొట్టగా కొట్టగా మిత్రపురుగులు చచ్చి తెల్లదోమ విజృంభించింది, శనగపచ్చ పురుగు మందుకు అలవాటుపడింది. రైతు ఏమి చేశాడు? పోయిన మందు మీద మరొక మందు, రెండూ కలిపి ఒకే ట్యాంకులో ఇంకొక మందు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలలో జరిగినది తలచుకోవడానికి ఇప్పటికీ మనసొప్పదు. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న కుటుంబాలు మా చుట్టుపక్కలే ఉన్నాయి. ఆనాటి రైతుకు ఏ పురుగుకు ఏ మందో చెప్పేవాడు లేడు, మందు అమ్మేవాడే వైద్యుడు. నాకు ఆ సాకు లేదు. ఏ పురుగో చూడకుండా నాలుగు మందులు కొట్టినవాణ్ణి నేను, అదీ ప్రశ్నార్థకం అంటే ఏమిటో తెలిసి ఉండి.

భోజనమయ్యాక కాస్త బుద్ధి వచ్చింది. కొత్తగా ఏదీ మార్చకుండా చూడడం మొదలుపెట్టాను. నల్లని ఆజ్ఞల కిటికీ తెరిచి, ప్రోగ్రామును నా చేత్తో నడిపి, ఫలితాన్ని ఒక ఫైలులోకి మళ్లించాను. ఫైలు తెరిస్తే కోటయ్య ఉన్నాడు, రామయ్య ఉన్నాడు, వారి ఊరు కూడా ఉంది. అదే ప్రోగ్రామును గుమాస్తాగారు రోజూ నొక్కే బొమ్మను నొక్కి నడిపాను. ఆరు ప్రశ్నార్థకాలు. ఒకే యంత్రం, ఒకే ప్రోగ్రాము, ఒకే ప్రింటరు. భాష కూడా ఒకటే, అది గమనించాలి. తేడా దారిలో ఉంది.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనేదానికి పరిసర చరరాశి అని ఒక తెలుగు చేయవచ్చు గాని, అలా అంటే లెక్కల మాష్టారు గుర్తుకొచ్చి చదువరులు పారిపోతారు. ప్రోగ్రాము పుట్టేటప్పుడు దాని చెవిలో ఊదే మాటలు అనుకోండి. చెవిలో ఊదేవారు ఒక్కరు కారు. విండోసులో యంత్రం మొత్తానికి చెప్పే మాట ఒకటి, ఆ వాడుకరి ఖాతాకు మాత్రమే చెప్పే మాట ఒకటి, ప్రోగ్రామును లేపే బ్యాచ్ ఫైలు అప్పటికప్పుడు చెప్పే మాట ఒకటి. ఒకే పేరుతో మూడూ ఉంటే ఖాతా మాట యంత్రం మాటను కొట్టివేస్తుంది, బ్యాచ్ ఫైలు మాట రెండింటినీ కొట్టివేస్తుంది. లినక్సులోనూ తంతు ఇదే: భాషాప్రాంతానికి లాంగ్ అనే చరరాశి ఒకటి చెబితే, ఎల్‌సీతో మొదలయ్యేవి దాన్ని తోసిపుచ్చుతాయి, ఎల్‌సీ ఆల్ అనేది వాటన్నింటినీ తోసిపుచ్చుతుంది. సాగర్ కుడికాలువ కింద పొలం ఉన్నవారికి ఇది వివరించనక్కర్లేదు. నీటి విడుదల ఉత్తర్వు పైనుంచి ఎంత ఘనంగా వచ్చినా, తూము దగ్గర లస్కరు తిప్పినదే నీరు. చివరి భూముల రైతు ఇంజనీరుగారి ఆఫీసులో ఉత్తర్వు ప్రతి చూసుకొని మురిసిపోతే చేను తడవదు.

కనుక తూము దగ్గరకు వెళ్లాను. ఆజ్ఞల కిటికీలో సెట్ అని కొట్టి, పక్కన పైథాన్ అని కొడితే, ఆ పేరుతో మొదలయ్యే చరరాశులన్నీ చెబుతుంది. నా కిటికీలో ఒకటే వచ్చింది: పైథాన్ యూటీఎఫ్8, విలువ 1. అదే వరుసను బ్యాచ్ ఫైలులో, ప్రోగ్రామును పిలవడానికి ఒక్క అడుగు ముందు పెట్టి నడిపాను. రెండు వచ్చాయి. రెండవది పైథాన్ ఐఓ ఎన్‌కోడింగ్. దాని విలువ ఆస్కీ, కోలన్, రీప్లేస్. ఆస్కీలో వ్రాయి, చేతకానిచోట ప్రశ్నార్థకం పెట్టు, అని. మొదటి చరరాశి అంతా యూటీఎఫ్-8లో నడవమంటుంది. బయటికి పోసే గొట్టం విషయంలో మాత్రం రెండవదానిదే పైచేయి. ఇక తెరమీద ఎందుకు బాగుందంటే, పైథాన్ 3.6 నుంచి విండోసు కిటికీకి నేరుగా వ్రాసేటప్పుడు ఈ రెండవ చరరాశిని లెక్కచేయదు, ఫైలులోకి మళ్లించినప్పుడే చేస్తుంది. తెర ముత్యంలా ఉండడమూ, కాగితం పాడవడమూ రెండూ నియమం ప్రకారమే జరిగాయి. ప్రింటరుకు నేను క్షమాపణ చెప్పుకోవాలి.

ఎవరు పెట్టారీ మాటలు? విచారణ చేశాను, మొదటి దోషిని నేనే. రెండేళ్ల కిందట నా ఏదో పనికోసం బావగారి ఖాతాలో పైథాన్ యూటీఎఫ్8 పెట్టి, ఎవరికీ చెప్పకుండా, ఎక్కడా వ్రాయకుండా వెళ్లిపోయాను. మేనల్లుడు తన ప్రోగ్రాము ఆ ఖాతాలోనే వ్రాశాడు. దాని నీడలో అది పనిచేస్తున్నదని వాడికి తెలియదు. ఈ సీజనులో గుమాస్తాగారికి వేరే ఖాతా తెరిచారు. అక్కడ ఆ మాట ఊదేవారు లేరు. ప్రోగ్రాము మొదటి పేరు దగ్గరే ఆగిపోయి, ఈ అక్షరాలను నేను వ్రాయలేను, సున్నానుంచి అయిదు వరకు ఉన్న స్థానాలలో ఆగాను అని, ఎంత మర్యాదగా చెప్పాలో అంత మర్యాదగా చెప్పింది. అప్పుడు మొదటిసారి వచ్చిన బాగుచేసే ఆయన (సానుభూతిపరుడే, రెండవసారి వచ్చి తన వైద్యానికే తాను పేరు మరిచాడు) ఆ కేక వినబడకుండా ఉండే మందు వేశాడు. అదే బ్యాచ్ ఫైలులోని వరుస. కేక ఆగింది, పని సాగింది, ఆయన ఫీజు తీసుకొని వెళ్లాడు. తరువాత మేనల్లుడికి ఫోనులో చెబితే, వాడు యంత్రం మొత్తానికి పైథాన్ యూటీఎఫ్8 పెట్టించి, "ఇక రావు మావయ్యా, గ్యారంటీ" అన్నాడు. పై ఉత్తర్వు వచ్చింది, తూము కింద తెరిచే ఉంది.

ఇప్పుడు ఆ పెద్దమనిషి మాట దగ్గరకు వస్తాను. తెలుగు కంప్యూటరుకు పడకపోవడమేమిటి? యూనికోడు మొదటి కూర్పు 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగుకు చోటుంది. ఆయన చేతులారా దుకాణానికి తెచ్చి తొడిగిన ఆస్కీ 1963 నాటిది, నూట ఇరవై ఎనిమిది గళ్ల పెట్టె. ముప్పై ఏళ్లకు పైగా తలుపు తెరిచి ఉన్న ఇంట్లో, ఎవరో గడియ పెట్టి, ఈ ఇంట్లోకి తెలుగు పట్టదు అన్నట్టుంది. ప్రోగ్రాము ఆగిపోయిన మొదటిరోజే నిజం చెప్పింది. ఆగిపోయిన ప్రోగ్రాము వలన ఒక సాయంత్రం పట్టీలు ఆలస్యమవుతాయి, రైతులు విసుక్కుంటారు, అంతే. ఆగకుండా అబద్ధం వ్రాసిన ప్రోగ్రాము వలన కోటయ్య నలుగురిలో అప్పున్నవాడయ్యాడు. ఈ రెండింటిలో మొదటిదాన్ని దోషమనీ రెండవదాన్ని మరమ్మతు అనీ పిలిచే వృత్తిధర్మం ఎక్కడిది? అంకెల విషయంలో ఇలా చేస్తే ఊరుకుంటామా? తూకం చదవలేకపోతే ఏదో ఒక అంకె వేసి ముందుకు పొమ్మని ఏ కాటా మీదైనా వ్రాసి పెడతామా? పేరనేసరికి, అందులోనూ తెలుగు పేరనేసరికి, పోయినా ఫరవాలేదనిపిస్తుంది.

ఇంగ్లీషులో పెట్టుకుంటే పోలా అంటారు. పెట్టండి. కోటయ్య అన్న ఆ చిన్న పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా వ్రాయవచ్చో ఒక కాగితం తీసుకొని ప్రయత్నించండి. ఆధారులో ఒక రకం, బ్యాంకు పుస్తకంలో ఒక రకం, పాసుపుస్తకంలో తెలుగు, పట్టీలో గుమాస్తాగారి ఆనాటి మనోధర్మం. ఇవన్నీ ఒకే మనిషివని ఋజువు చేసుకుంటూ తిరిగే పని ఎవరిది? పైగా ఆ పట్టీ ఎవరికోసం? కోటయ్య తెలుగు కూడబలుక్కొని చదవగలడు. తాను చదవలేని కాగితాన్ని ఆధారమని మడిచి దాచుకొమ్మనడం వ్యాపారంలో చాలా సౌకర్యమే, దుకాణదారుకు.

ఫిబ్రవరి 2018లో 'జ్ఞా' అన్న అక్షరపు ఒక కూర్పు అందితే ఐఫోన్లలో కొన్ని యాప్‌లు కుప్పకూలేవి. అప్పుడు లోకమంతా తెలుగు అక్షరం ఫోన్లను చంపుతున్నదని వ్రాసింది, మనవాళ్లు కూడా ఆ మాట మురిపెంగా పంచుకున్నారు. దోషం ఆ సాఫ్టువేరులో ఉంది, ఆ నెలలోనే దిద్దుకున్నారు. జబ్బు యంత్రానిది, పేరు మాత్రం భాషకు. మా జిల్లాల పిల్లలు దేశదేశాలలో బ్యాంకులకూ ఆసుపత్రులకూ సాఫ్టువేరు వ్రాస్తున్నారు. అక్కడి ఖాతాదారు పేరులో నెత్తిన గీత ఉన్న అక్షరం ఒకటి పోతే అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. సెలవులకు ఊరు వచ్చి, నాన్నగారి పట్టీలో ఆరు ప్రశ్నార్థకాలు చూసి, తెలుగు కదా అంటారు. అద్దంకిలో 848 ప్రాంతంలో రాతిమీద చెక్కిన పద్యంలో పండరంగని పేరు ఈనాటికీ చదవవచ్చు. అదే నేలమీద కోటయ్య పేరు తెరనుంచి కాగితం దాకా బ్రతకలేకపోయింది. దీనికి తెలుగును తిట్టడం సిగ్గులేని పని.

నన్ను నేను మినహాయించుకోవడం లేదు. 2005, 2006 ప్రాంతాలలో లినక్సు మీద ఫైర్‌ఫాక్సులో తెలుగు తెరిస్తే వత్తులు విడిపోయేవి. మోజ్ ఎనేబుల్ పాంగో అనే చరరాశికి 1 అని విలువ ఇస్తే అక్షరాలు కుదురుకునేవి. ఆ ఒక్క వరుస మాకు మంత్రోపదేశం. కనబడిన ప్రతి మిత్రునికీ, ఏ ఫైలులో పెట్టాలో కూడా సరిగా చెప్పకుండా, ఈ వరుస అతికించు అని పంచాము. అది ఎందుకు పనిచేస్తుందో, ఎంతకాలం ఉంచాలో ఎవరమూ చెప్పలేదు. 2008లో మూడవ ఫైర్‌ఫాక్సుతో దాని అవసరం తీరిపోయింది, ఆ తరువాత కూడా ఎన్నో యంత్రాలలో ఆ వరుస అలాగే పడి ఉంది. దానివల్ల నష్టం కలగలేదు, నిజమే. కాని ఎవరి మాట చెల్లుతున్నదో చూడకుండా ఇంకొక మాట పైన వేసే విద్య అక్కడే నేర్చుకున్నాము, నేర్పాము. బాగుచేసే ఆయన చేసినదీ అదే: ఎక్కడో కనబడిన వరుసను తెచ్చి అతికించాడు. ఆయన వరుసకూ మా వరుసకూ తేడా ఒకటే, మాది అక్షరాన్ని కూర్చింది, ఆయనది తుడిచింది.

సహజస్థితి మారితే అన్నీ సర్దుకుంటాయని కొందరు మిత్రులు అంటారు. పైథాన్ పెద్దలు 3.15వ కూర్పునుంచి యూటీఎఫ్-8నే సహజస్థితిగా చేయాలని 2022లో నిశ్చయించారు. మంచి నిర్ణయమే, సంతోషించాను. ఐతే ఆ కూర్పు పెట్టినా ఆ బ్యాచ్ ఫైలులోని వరుసే గెలుస్తుంది. దగ్గరగా ఉన్న చెయ్యి చెడ్డదైతే దూరంగా ఉన్న సహజస్థితి ఎంత మంచిదైనా ఏమి చేయగలదు?

నేను చేసిన మరమ్మతు చెప్పి ముగిస్తాను. బ్యాచ్ ఫైలులోంచి ఆ వరుస తీసేశాను. యంత్రానికీ, బావగారి ఖాతాకూ పెట్టిన చరరాశులు కూడా తీసేశాను. మేనల్లుడిని పక్కన కూర్చోబెట్టి, బయటి గొట్టం మీద ఆధారపడకుండా ప్రోగ్రామే తన ఫైలును తాను తెరిచేటట్టు, తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని పేరు పెట్టి చెప్పేటట్టు మార్పించాను. వ్రాయలేని అక్షరం తగిలితే ఆగిపోవాలి, ఆ రైతు పేరు దగ్గరే ఆగిపోవాలి అన్నాను. "ఆగితే గుమాస్తాగారు తిడతారు మావయ్యా" అన్నాడు. తిట్టనివ్వు అన్నాను. ఆ తరువాత గుమాస్తాగారి ఖాతాలో, ఆయన నొక్కే బొమ్మ నొక్కే పరీక్షించాము, నా కిటికీలోంచి కాదు. ఇంటిపేర్లు కొట్టడానికి పట్టికలో ఒక గడి కూడా చేర్చాము. ఏ రోజు ఏ అమరిక ఎందుకు మార్చామో వ్రాయడానికి గల్లాపెట్టె పక్కన ఒక నోటుపుస్తకం కట్టించాను. అందులో మొదటి పుటలో రెండేళ్ల కిందటి నా తప్పు నా దస్తూరీతోనే ఉంది.

పోయిన పేర్లు మాత్రం అలా వచ్చేవి కావు. పట్టికలు ఏరోజుకారోజు తుడిచేశారు. మిగిలినవి కాటా దగ్గర హమాలీల మేస్త్రీ పెన్సిలుతో వ్రాసుకున్న చీటీలు, రైతుల జేబుల్లోని పట్టీల మీద గుమాస్తాగారు కలంతో వ్రాసిన పేర్లు. తూకం తూకంతో పోల్చుకుంటూ రెండు రాత్రులు కూర్చుని చాలావరకు తేల్చాము. ఇంకా మూడు మిగిలాయి. మూడింటికీ ఆరేసి ప్రశ్నార్థకాలే, ఊరి పేరు కూడా ప్రశ్నార్థకాలే. మేస్త్రీ పాత చీటీల కట్ట ఇంటి దగ్గర ఉందట, ఆదివారం తెస్తానన్నాడు. ఆ రోజుకు మళ్లీ గుంటూరు వెళుతున్నాను.